గుండీ ఈగలు

ఈగల గది తలుపు తీస్తే ముందు ముక్కుకు తగిలేది ఈస్టు వాసన. పులిసిన పిండికీ మగ్గిన పండుకీ నడుమ ఎక్కడో ఉంటుంది అది. కొత్తగా వచ్చినవాళ్ళు మొహం చిట్లించుకుంటారు. టైలరు మాత్రం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి ఒక్క అడుగు వేసి, దాన్ని గుండెల నిండా పీల్చుకునేవాడు. కూతురు ఇక్కడ చదువుకునే రోజుల్లో, సాయంత్రం ఆమె కంటే ముందు ఈ వాసనే ఇంటి గడప దాటి లోపలికి వచ్చేది.

"లేచారా అమ్మా అందరూ?" అని గొట్టాల వరసను పలకరించి, అప్పుడు లైటు వేసేవాడు.

బతుకంతా బట్టలు కుట్టినవాడు ముసలితనంలో ఈగల కాపరి అయ్యాడు. పళ్ళ మీద ముసిరే చిన్న ఈగలవి, నువ్వుగింజంత ఉంటాయి. వేలెడంత గాజు గొట్టాల్లో బతుకుతాయి. గొట్టం అడుగున గడ్డకట్టిన మేత, పైన దూది బిరడా. మేత ఎండిపోకముందే పాత గొట్టంలోని ఈగల్ని కొత్త గొట్టంలోకి తట్టాలి. తట్టడం మరిచిపోతే ఆ గొట్టంలోని వంశం అంతటితో ఆఖరు. ఒక్కో గొట్టంలో ఒక్కో రకం. ఒక్కో రకం వెనక ఎవరో ఒక పిల్లో పిల్లాడో ఏళ్ళ తరబడి పడ్డ కష్టం ఉంటుంది. అందుకే ఆయన ఏ గొట్టాన్నీ తేలిగ్గా చూసేవాడు కాదు. కానీ కిటికీ పక్క అరలో ఉన్న ఒక వరస దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు ఇంకా మెత్తబడేవి. అవి ఆయన కూతురు తయారు చేసిన ఈగలు. గుండీ ఈగలు అనేవాడు వాటిని.

గుండీ అంటే కూతురే. ఇంటి ముందు గదే కొట్టు. కిటికీ కింద మిషను, గోడకు ఆనుకుని కత్తిరింపుల బల్ల. పిల్ల పాకే వయసులో మిషను కింద చేరి రాలిపడ్డ గుండీలు ఏరుకుని బుగ్గన పెట్టుకునేది. తల్లి వేలు పెట్టి ఒక్కోటీ బయటికి తీస్తూ, "దీని పొట్ట తడిమితే ఒక చొక్కాకు సరిపడా ఉంటాయండీ" అనేది. అలా గుండీ అయింది. బడిలో వేరే పేరుండేది. పంతులమ్మ ఆ పేరు పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని పక్కపిల్లల మొహాలు చూసేదట.

టైలరు సంగతి కూడా చెప్పుకోవాలి. దేవుడు కొందరి చేతుల్లో మెత్తదనం పెట్టి పంపుతాడు. మిషనుకు వేసే నూనె గిన్నెలో చీమ పడిందంటే, దారప్పోగు అందించి పైకి తీసి, కాగితం మీద ఆరబెట్టి, అది నడవడం మొదలెట్టాకే మిషను తొక్కేవాడు. చొక్కా కోసం నిలబడినవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

"మాస్టారూ, ముందు దానికి కుట్టి ఆ తర్వాత నాకు కుడతారా ఏంటి?"

"కొలతలు తీసుకుంటున్నానండీ. కాళ్ళు ఎక్కువ, టైం పడుతుంది."

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఈగల్ని పెంచే చదువుకు వెళ్ళింది. ఆ చదువేమిటో తండ్రికి ఎలాగైనా చెప్పాలని ఆమెకు ఒకటే తాపత్రయం. ఒక సెలవు రోజు మధ్యాహ్నం గుండీల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది.

"నాన్నా, ఇవన్నీ ఒకే రకం అనుకో. ఈగ గుడ్డులో పిల్ల ఇంకా తయారవుతుండగా, ఇలా గుంపులు గుంపులుగా కణాలుంటాయి. ఇందులో ఏదైనా సరే నరాల కణాలకు తల్లి కావచ్చు. అన్నిటికీ ఆ యోగ్యత ఉంది."

"మరి ఎవరవుతారు?"

"గుంపుకు ఒక్కటే. ఏదో ఒకటి రవ్వంత ముందుకు జరుగుతుంది. జరిగి, చుట్టూ ఉన్నవాటితో అంటుంది, నేను వెళ్తున్నా, మీరు ఆగండి అని. అవి ఆగిపోతాయి. చర్మమై ఉండిపోతాయి."

"పాపం, వాటికి కోపం రాదూ?"

"రాదు. కానీ చూస్తూనే ఉంటాయి. ఆ వెళ్ళేదాన్ని మేము సన్నటి వెలుగు పెట్టి కాల్చేశామనుకో..." మధ్యలో ఉన్న గుండీని వేలితో ఎగరగొట్టింది. "పక్కన ఆగినవాటిలో ఒకటి లేచి ఆ పని అందుకుంటుంది."

టైలరుకు ఆ మాట నచ్చింది. "అయితే చోటు ఖాళీగా ఉండదన్నమాట."

"ఉండదు. ఇక ఆ తల్లి కణం సంగతి విను. అది రెండుగా విడిపోతుంది, సమానంగా కాదు. చిన్నముక్క కూతురై పక్కకు వస్తుంది, పెద్దముక్క తల్లిగానే ఉంటుంది. ఆ కూతురు ఇంకొక్కసారి విడిపోయి రెండు కణాలవుతుంది, అవి నరాలు. తల్లి మళ్ళీ ఇంకో కూతుర్ని ఇస్తుంది. నీ బట్ట తాను లాగా. ముక్క తర్వాత ముక్క కోస్తుంటావు, తాను తానుగానే ఉంటుంది, కాకపోతే సన్నబడుతుంది."

"చివరికి?"

"మధ్యలో అలిసిపోయినట్టు నిద్రపోతుంది. గుడ్డులోంచి పురుగు బయటికి వచ్చి కడుపారా తింటే, ఆ బలం తగిలి మళ్ళీ లేస్తుంది. లేచి మళ్ళీ పిల్లల్ని ఇస్తుంది. అన్నీ ఇచ్చాక ఇక అదీ ఉండదు. ఎదిగిన ఈగ తలలో ఎంత వెతికినా ఆ తల్లి కనబడదు నాన్నా. పిల్లలే ఉంటారు."

లోపలి గదిలో అంచులు కుడుతున్న తల్లి అక్కడినుంచే అంది. "మంచిదేగా. పిల్లలు మిగిలితే చాలు."

"నా ఈగల్లో అది నిద్ర లేవదమ్మా. పురుగు ఎంత తిన్నా లేవదు. మెదడు ఎదగక పురుగు చచ్చిపోతుంది."

"తట్టి లేపకపోయావా?" అన్నాడు టైలరు.

"ఎక్కడ తట్టాలో అదే వెతుకుతున్నా."

"అన్నీ చచ్చిపోతే మరి నీ గొట్టాల్లో తిరిగేవి ఏంటి?"

"ఆ లోపం అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తేనే చస్తాయి. ఒక్క వైపే ఉంటే బతికేస్తాయి. వాటిని ఎలా గుర్తుపడతామంటే..." అంటుండగా ఎవరో ప్యాంటు కోసం వచ్చారు. నడుము బిగుతైందని పేచీ. ఆ పేచీ తీరేసరికి గుండీ గుండీలన్నీ డబ్బాలో ఎత్తేసి కాఫీ కలుపుకుంటోంది. మిగతా మాట మిగిలిపోయింది.

ఆ సాయంత్రమే ఇంకో సంగతి చెప్పింది. గొట్టాలు మార్చేటప్పుడు ఒక్కోసారి ఈగ తప్పించుకుంటుంది. బల్ల మీద తిరుగుతున్న ఈగ ఎక్కడిదో ఎవరికి తెలుసు? అందుకే దాన్ని పట్టి స్పిరిట్ సీసాలో వేసెయ్యాలి.

"ప్రాణముండగానేనా?" అని టైలరు కత్తెర కింద పెట్టాడు.

"ప్రాణముండగానే."

ఆయన మొహం చూసి గుండీ పడీ పడీ నవ్వింది. "నువ్వు మాత్రం మా గదికి రాకు నాన్నా. వచ్చావంటే మా కొంప ముంచుతావు."

ఆ తర్వాత వర్షాలు వెలిసేనాటికి గుండీకి జ్వరం పట్టుకుంది. అదే తగ్గుతుందన్నారు. తగ్గలేదు. ఆసుపత్రిలో ఒక తెల్లవారుజామున తల్లి నుదురు తుడుస్తుంటే చల్లగా తగిలింది. జ్వరం దిగిందని ఆ తల్లి చేతులు జోడించింది. దిగింది జ్వరం కాదు.

చాలా రోజులకు టైలరు కూతురి సామాను తెచ్చుకోవడానికి ప్రయోగశాలకు వెళ్ళాడు. గోడ కొక్కేనికి ఆమె తెల్ల కోటు వేలాడుతోంది. పైనుంచి రెండో గుండీ దారం రంగు వేరు. అది ఊడితే ఆయనే కుట్టాడు, చేతికి అందిన దారంతో. ఆమె బల్ల దగ్గర, ఆమె స్టూలు మీద ఒక పొడుగాటి అబ్బాయి కూర్చుని గొట్టాలు మారుస్తున్నాడు. ఆమెతో కలిసి చదివినవాడే.

"ఇవి తనవేనా బాబూ?"

"అవును తాతయ్యా. అక్క చేసినవి. ఇంకెక్కడా లేవు."

"ఎవరు చూసుకుంటారిక?"

పొడుగబ్బాయి తల దించుకున్నాడు. "నేనింకో రెండు నెలల్లో ఉద్యోగానికి వెళ్ళిపోతున్నాను. తర్వాత ఎవరైనా చూస్తే ఉంటాయి."

"చూడకపోతే?"

"మేత ఎండిపోతుంది తాతయ్యా."

టైలరు ఆ స్టూలు పక్కనే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆ ప్రయోగశాల పెద్ద అయిన మేడమ్ గదికి వెళ్ళి, "నాకు నేర్పించండమ్మా. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు ఆనడం లేదు గానీ, చేతులింకా వణకడం లేదు" అన్నాడు. మేడమ్ మరో మాట లేకుండా ఈగల గదిలో పని ఇచ్చింది. బల్ల మీద గుండీలు పరిచి కూతురు చెప్పిన మాట ఆయన మనసులో అప్పుడు మెదిలింది. ముందుకెళ్ళింది పోతే పక్కనున్నది లేస్తుంది. ఆమె పక్కన ఉన్నది నేనే కదా అనుకున్నాడు.

పొడుగబ్బాయి ఓపిగ్గా నేర్పాడు. గొట్టాన్ని బల్ల మీద మెల్లగా తట్టి ఈగల్ని అడుక్కి దింపడం, బిరడా తీసిన క్షణంలోనే కొత్త గొట్టం మూతికి మూతి ఆనించి తట్టడం, కలగాపులగం కాకుండా చీటీలు అతికించడం. "తప్పించుకున్నదాన్ని స్పిరిట్ సీసాలో వెయ్యండి తాతయ్యా" అన్నాడు. టైలరు తలూపాడు గానీ, ఎవరూ చూడనప్పుడు దాన్ని దోసిట్లో పట్టుకెళ్ళి నడవా చివర కిటికీలోంచి వదిలేసేవాడు. దాంతో ఎవరికీ ఏ నష్టమూ లేకపోయింది.

వెళ్ళిపోయే ముందు పొడుగబ్బాయి గుండీ ఈగల్ని మైక్రోస్కోపు కింద చూపించాడు. "చూశారా, రెక్కలన్నీ పైకి వంకర తిరిగి ఉన్నాయి. అప్పుడప్పుడు రెక్కలు చూస్తూ ఉండండి తాతయ్యా, మరిచిపోవద్దు."

టైలరు చూశాడు. ఇస్త్రీ సరిగా పడని కాలరులా ఎత్తుగా లేచిపోయిన రెక్కలు. ఎగరలేక గొట్టం గోడ పట్టుకుని పాకుతున్నాయి. కూతురు చెప్పిన లోపం ఇదే కాబోలు, దీన్ని బాగుచెయ్యాలనే కదా పిల్ల అంత తపించింది అనుకున్నాడు. రెక్కలు చూస్తూ ఉండమంటే, ఒంట్లో బాగాలేని పిల్ల నుదురు చూస్తూ ఉండమన్నట్టే అర్థమైంది ఆయనకు.

అలా రోజులు గడిచాయి. ఈగలకు మేత వండే ఆవిడ పెద్ద గిన్నెలో మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు కలియబెడుతూ ఆయనతో కబుర్లాడేది. "మా ఆయన ఏం వండినా వంక పెడతాడు తాతయ్యా. వీళ్ళే నయం, పెట్టింది తిని పిల్లల్ని కంటారు." చలికాలంలో ఆమె ఆయన కోసం ఒక గ్లాసు వేడినీళ్ళు పొయ్యి పక్కన ఉంచేది. ఆయన ఆమె చేతులు కాలకుండా రెండు దట్టమైన మసిగుడ్డలు కుట్టి ఇచ్చాడు. చదువుకునే పిల్లల కోట్లకు ఊడిన గుండీలు కుట్టేవాడు. ఎవరికి ఇంటి మీద బెంగ ఉందో, ఎవరు మధ్యాహ్నం తినకుండా పనిచేస్తున్నారో ఆయనకు తెలిసేది. చిన్న డబ్బాలో తన అన్నంలోంచి సగం తీసి వాళ్ళ బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా పోయేవాడు.

ఇంటికి రాగానే భార్య మంచినీళ్ళిస్తూ రోజూ అడిగేది ఒకటే. "పిల్లలెలా ఉన్నారండీ?"

"బాగున్నారు. తింటున్నారు."

ఆ మాటతో ఆమెకు ఆ పూట గడిచేది.

ఒకరోజు గుండీ గొట్టాలు మారుస్తుండగా చేతి మీద ఒక ఈగ కనబడింది. మణికట్టు ఎక్కి, చొక్కా మడతలో దారి తప్పి తిరుగుతోంది. ఎక్కడిదో చూద్దామని అటూ ఇటూ చూశాడు. తెరిచి ఉన్నది గుండీ గొట్టమే. ఇందులోంచే జారి ఉంటుంది. కిటికీలోంచి వదులుదామని లేచాడు గానీ అడుగు పడలేదు. పరాయి ఈగైతే వదిలేసేవాడే. ఇది మన పిల్లది. బయట గాలికి ఎక్కడ బతుకుతుంది? అరచేయి అడ్డం పెట్టి, గొట్టం మూతి దగ్గరికి దాన్ని నడిపించి, "పో తల్లీ, నీ ఇంటికి పో" అని లోపలికి పంపి బిరడా పెట్టేశాడు. దాని రెక్కలెలా ఉన్నాయో చూడాలన్న ఆలోచనే రాలేదు.

తర్వాతి తరంలో ఒక విచిత్రం జరిగింది. గొట్టంలో కొన్ని ఈగల రెక్కలు తిన్నగా ఉన్నాయి. టైలరు మత్తు గ్యాసు వదిలి, పలక మీద పరిచి, కుంచెతో ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూశాడు. అబద్ధం కాదు. నీటుగా ఇస్త్రీ చేసిన పట్టుగుడ్డలా వీపు మీద పరుచుకుని ఉన్నాయి. ఆయన కళ్ళు మసకబారాయి. ఆ సాయంత్రం భార్య అడగకముందే గుమ్మంలోంచే చెప్పాడు. "మన గుండీ ఈగలకు రెక్కలు సరవుతున్నాయే."

ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "వాటంతట అవేనా?"

"వాటంతట అవే. పిల్ల చేసిన పని ఎక్కడో లోపల పనిచేస్తూనే ఉన్నట్టుంది."

ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. గుండీ పోయాక ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నవ్వుమొహంతో అన్నానికి కూర్చున్నది ఆ రోజే.

తరం తర్వాత తరం తిన్నని రెక్కలు పెరుగుతూ వచ్చాయి. వంకరవి తగ్గిపోతూ వచ్చాయి. మేడమ్ తీరిక లేని మనిషి, ఎప్పుడైనా గుమ్మంలోంచి తొంగిచూసి "అంతా బాగేనా టైలరుగారూ?" అని వెళ్ళిపోయేది. అన్నీ సరయ్యాక ఒకేసారి చూపిద్దాం, సంతోషపడుతుంది అనుకున్నాడు ఆయన. పెళ్ళిబట్టలు పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించని అలవాటు ఒకటుంది కదా టైలర్లకు.

చూపించే రోజు వచ్చింది. గుండీ సగంలో వదిలిన పనిని పూర్తి చేయడానికి కొత్తమ్మాయి ఒకతి చేరింది. నెమ్మదైన పిల్ల. వచ్చీరాగానే, "అక్క ఈగలు మీరే చూస్తున్నారట కదా తాతయ్యా" అని ఆయన చేతులు రెండూ పట్టుకుంది. టైలరు ఉన్నవాటిలో నిండుగా ఉన్న గొట్టం తీసి ఇచ్చాడు.

ఆ అమ్మాయి పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసింది. చూసి, కుంచెతో మెల్లగా కదిపింది. ఇంకో గొట్టం అడిగింది. ఇంకొకటి. గొట్టం గొట్టానికీ ఆమె భుజాలు కుంగిపోతున్నాయి.

"రెక్కలు చక్కగా అయిపోయాయి కదమ్మా?" అన్నాడు టైలరు.

ఆ పిల్ల తల ఎత్తలేదు. "అయ్యాయి తాతయ్యా."

ఆ గొంతులోనే ఏదో తేడా తెలిసింది ఆయనకు. బట్ట తప్పు కొలతకు తెగితే కత్తెర పట్టిన చేతికి ముందే తెలుస్తుంది. "ఏమైందో చెప్పమ్మా. నేను తట్టుకోలేని కబురు ఇంకేం మిగలలేదు."

స్టూలు ఆయన దగ్గరికి జరుపుకుని చెప్పింది. అక్క ఈ ఈగల్లో నిలిపి ఉంచిన లోపం పైకి కనబడేది కాదు. ఏ ఈగలో అది ఉందో తెలియడానికి, దానికి జంటగా వంకర రెక్కల గుణాన్ని పెడతారు. లోపం ఒక వైపు, వంకర రెక్క రెండో వైపు. రెండు వైపులా లోపమే వచ్చినా, రెండు వైపులా వంకర రెక్కే వచ్చినా చస్తాయి, అలా జంటగా ఉన్న ఈగలే బతుకుతాయి. అందుకే ఆ గొట్టంలో పుట్టి బతికే ప్రతి ఈగకూ రెక్కలు వంకరగానే ఉండాలి. తిన్నని రెక్క పుట్టనే కూడదు. పుట్టిందంటే బయటి ఈగ ఏదో కలిసిందని అర్థం. కలిసినదాని సంతానం బలమైనది, తరాలు గడిచేకొద్దీ అదే నిండిపోతుంది.

టైలరు తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

"సుద్దగుర్తన్నమాట" అన్నాడు చివరికి.

"ఏంటి తాతయ్యా?"

"కత్తిరించే ముందు గుడ్డ మీద సుద్దతో గీస్తాం. కుట్టు పూర్తయ్యేదాకా దులపకూడదు. మరకలా ఉంది కదా అని దులిపితే గుడ్డ చెడిపోతుంది." ఆయన తన రెండు చేతులూ చూసుకున్నాడు. "దులిపేశానమ్మా."

ఈగను లోపలికి పంపిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేడమ్ వచ్చి అంతా విన్నది. ఒక్క మాట విసురుగా అనలేదు. "మీకు సరిగ్గా చెప్పనిది మేము. వచ్చి చూడనిది నేను" అని ఆయన పక్కన కూర్చుండిపోయింది.

కొత్తమ్మాయి మాత్రం అప్పుడే ఆశ వదలలేదు. గొట్టాలన్నీ వెతికితే అడుగూ బొడుగూ కొన్ని వంకర రెక్కల ఈగలు దొరికాయి. "వీటిలో ఏదో ఒకదాంట్లో అక్క లోపం ఇంకా ఉండి ఉండొచ్చు తాతయ్యా. ఒక్కోదాన్నీ విడిగా జతకట్టించి పెంచుదాం. వీటి మనవలు పుట్టేటప్పుడు ఏ గొట్టంలో అయితే ఒక్క తిన్నని రెక్క కూడా రాదో, అక్క వంశం అందులో ఉన్నట్టు."

ఆ రోజుల్లో టైలరు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవాడు. భార్య రోజూలాగే "పిల్లలెలా ఉన్నారండీ?" అనేది. "పర్వాలేదు" అనేవాడు. అన్నాళ్ళూ తిన్నని రెక్కలు చూసి దేవుడికి దండం పెట్టిన మనిషి ఇప్పుడు అదే దేవుణ్ణి వంకర రెక్కలు ఇమ్మని అడుగుతున్నాడు. ఎన్నడూ ఎవరికీ వంకర కోరుకున్నవాడు కాదు. ఆ ప్రార్థన ఆయన నోటికే చేదుగా ఉండేది.

మనవలు పుట్టే సమయం వచ్చింది. మొదటి గొట్టంలో తిన్నని రెక్కలు. రెండోదాంట్లోనూ అంతే. ఒక్కో గొట్టం మీదా కొత్తమ్మాయి పెన్నుతో గీత కొడుతూ పోయింది. ఆఖరికి ఒకటి మిగిలింది. అందులో మొదట బయటికి వచ్చినవన్నీ వంకరవే. మరునాడు వచ్చినవీ వంకరవే. కొత్తమ్మాయి ఆయన కోసం టీ తెచ్చి పెట్టింది. మేత వండే ఆవిడ గరిటె వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆ పొద్దున టైలరు చూస్తుండగానే ఇంకో ఈగ గూడు చీల్చుకుని బయటికి వచ్చింది. అప్పుడే పుట్టిన ఈగ ఒళ్ళు పాలిపోయి తడిగా ఉంటుంది. రెక్కలు ఇంకా విచ్చుకోవు, పిండిన గుడ్డలా ముడతలు పడి వీపుకు అంటుకుని ఉంటాయి. అవి విచ్చుకుంటే గానీ ఏ రకమో తెలియదు. ఆయన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"అలాగే ఉండిపో తల్లీ" అన్నాడు. "విప్పకు."

అది గోడ పట్టుకుని కాస్త పైకి పాకింది. ఆగింది. వెనక కాళ్ళతో రెక్కలు దువ్వుకుంది. ముడత ఒక్కొక్కటే తేరుకుంటూ వచ్చింది, ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ తేరుకున్నట్టు. బారుగా, తిన్నగా, ఎక్కడా ఒక్క మడత లేకుండా పరుచుకుంది. బతుకంతా ఆయన గుడ్డ మీద కోరుకున్నది అలాంటి పనితనమే.

కొత్తమ్మాయి ఆయన చేతిలోంచి గొట్టం తీసుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. పనికిరాని గొట్టాల్ని మంచుపెట్టెలో పెట్టేస్తారు. "నేను పెడతానమ్మా. నా చేత్తో" అన్నాడు. గుండీ గొట్టాలన్నీ ట్రేలో సర్ది, ఒక్కో బిరడా సరిచూసి, మోసుకెళ్ళి మంచుపెట్టెలో పెట్టి మూత వేశాడు. మూత మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు.

"నేను మళ్ళీ మొదటినుంచీ వెతుకుతాను తాతయ్యా" అంది ఆ పిల్ల వెనకనుంచి. "అదే దొరుకుతుందని చెప్పలేను. ఏళ్ళు పట్టొచ్చు."

"వెతుకు తల్లీ. గుండీ స్టూలు మీద కూర్చో. నీకు ఎత్తు సరిపోతుంది."

ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. మంచినీళ్ళు అందించింది గానీ, ఆ పూట ఏమీ అడగలేదు. మొహం చూస్తే తెలియనంత పరాయివాళ్ళా? ఆయనే కుర్చీలో కూర్చుని అంతా చెప్పాడు. చొక్కా మడతలో తిరిగిన ఈగ దగ్గర మొదలుపెట్టి, మంచుపెట్టె మూత దాకా.

ఆమె చీర అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నాన్న వస్తే కొంప ముంచుతాడని అది అననే అంది" అన్నాడు టైలరు.

"అంది. ఎంత నవ్విందో ఆ రోజు." ఆమె చీర అంచు వదిలేసింది. "ఆ ఈగను సీసాలో పడేసే మనిషివైతే అది అలా నవ్వేదే కాదు."

ఆసుపత్రిలో కూడా గట్టిగా ఏడవని మనిషి ఆమె. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. ఆయన లేచి వెళ్ళి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏడుపు సన్నగిల్లాక ఆమె అంది. "ఇన్నాళ్ళూ అది ఆ గదిలోనే ఉందనుకున్నానండీ. పొద్దున మీరు వెళ్తుంటే పిల్లను చూడ్డానికి వెళ్తున్నారనే అనుకునేదాన్ని."

"నేనూ అంతే."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కిటికీ కింద మిషను మీద కప్పిన దుప్పటి అంచు గాలికి లేచి పడింది.

"రేపు వెళ్తారా పనికి?"

టైలరు లేచి ఆ దుప్పటి సర్దాడు.

"వెళ్ళాలి. మిగతావాళ్ళ పిల్లలవి ఉన్నాయి కదా. మేత ఎండిపోతుంది."

ఆమె తల ఊపి, కళ్ళు తుడుచుకుని, ఆయన మధ్యాహ్నానికి పట్టుకెళ్ళే డబ్బా కడగడానికి లేచింది.